మట్టిబాటే మన వ్యాయామశాల

ప్రమేహ వ్యాధికి కారణాలను వివరిస్తూ చరక సంహిత అన్నింటికంటె ముందు పేర్కొన్నది ఆస్యాసుఖాన్ని. అంటే కదలక మెదలక కూర్చొని ఉండే సుఖం. పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలు ఆ తరువాతి వరుసలోనివి. ప్రొద్దుటూరు బట్టల అంగళ్ళలోను, బంగారు అంగళ్ళలోను ఉదయం మొదలు రాత్రి వరకు పరుపు దిగని సోదరులను చూసినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తుకు వస్తుంది. నా వద్దకు వచ్చే మధుమేహ రోగులలో అధికభాగం వారే. వ్యాయామం చేయమంటే వారు అడిగేది ఒక్కటే: "యాడ చేయల్ల స్వామీ, లారీల కిందనా?"

ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. యర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు రహదారులపై సిమెంటు లారీలు, నాపరాళ్ళ లారీలు బారులు తీరి ఉంటాయి. వ్యాయామ సమయంలో మనిషి సాధారణం కంటె ఎక్కువగా, లోతుగా గాలి పీలుస్తాడు. దుమ్ము, పొగ నిండిన చోట ఆ శ్వాస ప్రాణవహ స్రోతస్సులకు మేలుకు బదులు కీడు చేస్తుంది. కనుక వ్యాయామం చేయమని చెప్పే వైద్యుడు, అది చేయదగిన చోటు కూడ చూపవలసి ఉంటుంది. ఆ చోటు మన ఊళ్ళ వెలుపలనే ఉన్నదని, సైకిలెక్కి అక్కడికి వెళ్ళాలని, అది చేజారిపోకముందే కాపాడుకోవాలని నా అభిప్రాయం.

మన సీమ సంపద

పెన్నానది ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పారిన గండి ఒడ్డున గండికోట ఉన్నది. పెమ్మసాని నాయకులు ఏలిన ఆ కోటను ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియె 1652లో దర్శించాడు. జమ్మలమడుగు నుండి అక్కడికి సుమారు 15 కిలోమీటర్లు. తారు రోడ్డు ఉన్నది నిజమే. కాని ఆ చుట్టుప్రక్కల చేలగట్ల వెంట, కొండవాలు వెంట బండ్లబాటలు, పశువులు నడిచిన గరుసుబాటలు నేటికీ ఉన్నాయి. పులివెందుల వైపు వేంపల్లె దాటితే పాపఘ్ని నది కొండల నడుమ దారి చేసుకొన్న మరొక గండి, అక్కడి వీరాంజనేయస్వామి క్షేత్రం కనిపిస్తాయి. ప్రొద్దుటూరు, మైదుకూరు ప్రాంతాల పొలాలకు నీరిచ్చే కర్నూలు–కడప కాలువను 1863–1870 మధ్య తవ్వించారు. పంటలకే గాక పడవల రాకపోకలకు కూడ ఉద్దేశించిన కాలువ అది. పడవలు పోయినా గట్టు మిగిలింది. వేప, కానుగ నీడలో సాగే అటువంటి కాలువగట్టు కంటె మంచి వ్యాయామశాల ఏ పట్టణంలో దొరుకుతుంది?

ఇతరులు ఇందుకోసం ఎంతో శ్రమపడుతున్నారు. హైదరాబాదులో బాహ్యవలయ రహదారి ప్రక్కన సౌరఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాటను 2023లో ప్రారంభించారు. ఇటలీ దేశపు టస్కనీ కొండసీమలో 1997లో మొదలైన 'ఎరోయికా' అనే సైకిలు యాత్ర లక్ష్యాలలో ఒకటి, అక్కడి పాత గరుసుబాటలపై తారు పడకుండా చూడడం. వారు కోరి కాపాడుకొనే దానిని మనం ఉండీ పోగొట్టుకొంటున్నాం.

శాస్త్రం ఏమంటున్నది?

ప్రమేహ రోగి, అందునా పేదవాడు, చెప్పులూ గొడుగూ లేకుండ నూరు యోజనాలు నడవాలని, లేదా గోవుల వెంట తిరగాలని సుశ్రుతాచార్యుడు విధించాడు. గోవులు తిరిగేది రాజమార్గాలలో కాదు, ఈ బాటలలోనే. నేటి రోగికి నేను చెప్పులు విడువమని చెప్పను. మధుమేహంలో పాదాల స్పర్శ తగ్గుతుంది, ముల్లు గుచ్చుకొన్నా తెలియదు. మోకాళ్ళపై దేహభారం పడనీయని సైకిలు, స్థూలకాయులకు నడక కంటె కూడ సుకరం.

ఒక ఆక్షేపణకు ఇక్కడే సమాధానం చెప్పాలి. కుదుపుల ప్రయాణం అర్శస్సుకు, వాతరక్తానికి హేతువని శాస్త్రమే చెబుతుండగా, గరుసుబాటపై సైకిలు ఎలా పథ్యమవుతుందని కొందరు విద్యార్థులు నన్ను అడిగారు. ప్రశ్న సమంజసమైనది. అర్శస్సు, తీవ్రమైన నడుమునొప్పి, వాతరక్తం ఉన్నవారు ఈ బాటలకు రాకూడదు. తక్కినవారు లావు టైర్ల సైకిలు ఎన్నుకొని, గాలి మరీ గట్టిగా కొట్టించక, మెత్తని సీటుతో మెల్లగా సాగితే కుదుపు చాలవరకు తగ్గుతుంది. బయలుదేరే ముందు నడుముకు, మోకాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దించుకొంటే వాతం అదుపులో ఉంటుంది.

ఎప్పుడు? ఎంత?

బలంలో సగం మాత్రమే వ్యాయామానికి వెచ్చించాలన్నది వాగ్భటుని నియమం. నుదుట, ముక్కుపై, చంకలలో చెమట పట్టి, నోరు ఎండనారంభిస్తే సగబలం ఖర్చయినట్లే. అప్పుడు ఆగాలి. తిరుగు ప్రయాణానికి కూడ బలం కావాలి గనుక, అందులో సగం దూరంలోనే వెనుకకు మరలాలి.

హేమంత, శిశిర, వసంతాలు వ్యాయామానికి అనుకూలమని శాస్త్రం. అయితే మనది జాంగల దేశం. చైత్రం నాటికే ఎండ మండిపోతుంది, వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. కనుక మార్గశిరం నుండి ఫాల్గుణం వరకే మనకు మంచి కాలం. వానాకాలంలో జమ్మలమడుగు రేగడి బాటల జోలికి పోరాదు. ఆ బంక చక్రాలకు అతుక్కొని సైకిలును మోసుకురావలసి వస్తుంది. కంపచెట్ల ముళ్ళు ఎక్కువ గనుక పంక్చరు సామాను దగ్గర ఉండాలి.

మధుమేహానికి మందులో ఇన్సులినో వాడేవారు తమ వైద్యుని అడిగి బయలుదేరాలి. కళ్ళు తిరిగి, వణుకు పుడితే నోట వేసుకొనేందుకు బెల్లంముక్క జేబులో ఉంచుకోవాలి. గుండెజబ్బు ఉన్నవారు, జ్వరితులు, అజీర్ణంతో ఉన్నవారు పూనుకోరాదు. ఇంటికి వచ్చిన వెంటనే చల్లని నీళ్ళు పోసుకోక, చెమట ఆరనిచ్చి, సైంధవ లవణం, జీలకర్రపొడి కలిపిన పలుచని మజ్జిగ త్రాగాలి. రక్తపుపోటు ఉన్నవారు లవణం మానాలి.

చేయవలసినది

పొలం నక్షాలలో చుక్కల గీతగా ఉన్న బండ్లబాట నేలపై మాయమవుతున్నది. ఇరువైపుల వారు ఏటా చెరొక సాలు దున్నుకొంటే పదేళ్ళలో బాట గట్టవుతుంది. మిగిలిన బాటపై తారు పడితే వెనువెంటనే టిప్పర్లు వస్తాయి. శనగలు ఇంటికి చేర్చే రైతుకు, చీనీకాయలు మార్కెట్టుకు పంపే రైతుకు మంచి రోడ్డు అక్కరలేదని నేను అనను. ఊరికొక తారు రోడ్డు ఉండవలసిందే. కాని ప్రతి బాటా లారీబాట కానక్కరలేదు.

గండికోట అభివృద్ధికి 2024లో కేంద్రం సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. కార్ల రాకకు వసతులు కల్పించే పెద్దలు, జమ్మలమడుగు నుండి కోట వరకు ఒక్క గరుసుబాటను సైకిళ్ళకు, పాదచారులకు కేటాయించలేరా? దానికి కావలసినవి సర్వే రాళ్ళు, రెండు వైపుల వేపచెట్లు, అక్కడక్కడ ఒక నీటి తొట్టి, లారీలను ఆపే ఒక అడ్డుగడ. పంచాయతీలు తమ పరిధిలోని బాటలను కొలిపించి హద్దులు నాటించినా చాలు.

పాఠక మహాశయులు కూడ తమ వంతు చేయాలి. మనుషులు తిరగని బాటను ఎవరైనా దున్నుకొంటారు, పదిమంది తిరిగే బాటను దున్నడానికి వెనుకాడుతారు. ఈ మార్గశిరంలో తెల్లవారుజామున ఇంట్లోని పాత సైకిలుకు గాలి కొట్టించి, మీ ఊరి బండ్లబాట ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో చూసి రండి. దేహానికి ఆరోగ్యం, బాటకు ఆయుష్షు ఏకకాలంలో సమకూరుతాయి.