అదే పట్టా, తక్కువ అప్పు

పదో తరగతి ఫలితాలు రాగానే మన ఇళ్లలో మొదలయ్యే చర్చ ఒక్కటే: పిల్లవాణ్ణి ఏ ఇంటర్ కాలేజీలో చేర్పించాలి? దాని వెనుకే ఇంజనీరింగ్, ఆ వెనుకే అప్పు. మరో దారి ఉన్నదన్న సంగతి చాలామంది పట్టించుకోవడం లేదు.

పాలిసెట్ రాసి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చదివినవారు ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపితే ఆరేళ్లు. డిప్లొమా మూడేళ్లు, బీటెక్ మూడేళ్లు కలిపినా ఆరేళ్లే. చేతికి వచ్చే పట్టా ఒకటే. గుంటూరు, వరంగల్ వంటి చోట్ల ఆడపిల్లలకు ప్రత్యేకంగా ప్రభుత్వ పాలిటెక్నిక్‌లున్నాయి.

ఒక లెక్క చూద్దాం. ఏటా రూ.1.25 లక్షల చొప్పున నాలుగేళ్లు విద్యారుణం తీసుకున్నారనుకోండి. వడ్డీ 10 శాతం. చదువు ముగిసిన ఏడాదికి వాయిదాలు మొదలవుతాయి. వడ్డీ మాత్రం డబ్బు తీసుకున్న నాటి నుంచే నడుస్తుంది. సాధారణ వడ్డీ కట్టినా తొలి వాయిదా నాటికి బాకీ రూ.6.75 లక్షలు. మూడేళ్లకే తీసుకుంటే రూ.4,87,500. ఇంటర్ ఫీజుల మిగులు దీనికి అదనం.

బ్యాంకు వడ్డీ హరామ్ అని వెనకాడే కుటుంబాలు కొన్ని చివరికి నూటికి నెలకు మూడు రూపాయల ప్రైవేటు అప్పులో పడుతున్నాయి. అంటే ఏడాదికి 36 శాతం! వడ్డీకి భయపడి పెద్ద వడ్డీలో చిక్కుకోవడం ఏ ధర్మం? దైవప్రవక్త (స) తమ దుఆలలో రుణభారం నుంచి అల్లాహ్ శరణు కోరేవారు. అప్పు తీర్చడం ఎలాగన్న ఆలోచన కంటే అప్పు తగ్గించుకునే ఆలోచన ముందు రావాలి.

ఈ దారి నల్లేరుపై నడక కాదు. ఈసెట్ సీట్లు పరిమితం. 200 మార్కుల్లో 50 గణితానివే. అక్కడే డిప్లొమా విద్యార్థులు ఎక్కువగా తడబడతారు. కన్వీనర్ కోటాలో సీటు వస్తే అర్హులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది, మేనేజ్‌మెంట్ కోటాకు వర్తించదు. కనుక ర్యాంకు కోసం చేసే కృషి అప్పు తగ్గించుకునే కృషే. ఒకవేళ సీటు రాకున్నా డిప్లొమాతో ఉద్యోగానికి వెళ్లవచ్చు. ఇంటర్‌తో ఆగినవానికి ఆ ఆసరా లేదు.

మసీదు కమిటీలు కూడా ఆలోచించాలి. వేసవిలో గణితం ట్యూషన్, పరీక్ష ఫీజుకు కర్జె హసనా ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చేమీ కాదు. అప్పు వ్యవహారాన్ని రాసిపెట్టుకోమంది ఖుర్ఆన్ (2:282). అప్పు చేయకముందే రెండు దారుల ఖర్చునూ కాగితంపై రాసి, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. తీర్చవలసింది రేపు వారే కదా!