చీటీలో కొత్త పేర్లు

కౌలాలంపూర్‌లో కొత్తగా కాపురం పెట్టిన తెలుగువాళ్లను ముందు తికమక పెట్టేది సరుకుల చీటీయే. బెలాచాన్, బువా కెరాస్, లెంగ్‌క్వాస్, ఆసం కెపింగ్! పేర్లు చూసి బెదరక్కర్లేదు. బెలాచాన్ చిట్టిరొయ్యల్ని ఉప్పేసి పులియబెట్టి ఎండబెట్టిన ముద్ద. చిన్న ముక్క కాల్చి మిరపకాయలతో నూరితే సంబల్ పచ్చడి ఘుమఘుమలాడుతుంది. కాల్చేటప్పుడు కిటికీలు మాత్రం తెరిచి ఉంచండి. బువా కెరాస్ గింజల్ని పచ్చిగా తినకూడదు, నూరి కూరలో ఉడికించాలి. దొరక్కపోతే జీడిపప్పుతో సర్దుకోవచ్చు. లెంగ్‌క్వాస్ మన మూలికల కొట్లో అమ్మే దుంపరాష్ట్రమే. ఆసం కెపింగ్ ఎండు పులుపు ముక్కలు. చేపల పులుసులో చింతపండు లోటు తీరుస్తాయి.

ఒకప్పుడు ఇక్కడి తోటల్లో పనికి వచ్చిన మనవాళ్లూ ఈ సరుకులతోనే వంట నేర్చారు. ఈ సంచిక వంట పేజీలు వెంటబెట్టుకుని బజారుకు వెళ్లండి. మీ చిట్కాలూ రాయండి, వచ్చే సంచికలో వేస్తాం.

– సంపాదకుడు