నిరుటి తీర్మానం ఏమైనట్టు?

విలేకరిగా ప్రాంతీయ పార్టీల సభలకు వెళ్లినప్పుడల్లా ఒకటి మనసుకు కష్టంగా ఉంటుంది. ఒక నాయకుడు తీర్మానం చదువుతారు, మరొకరు బలపరుస్తారు, చప్పట్ల మధ్య ఆమోదం అయిపోతుంది. మండలం నుంచి బస్సెక్కి వచ్చిన ప్రతినిధి చేతిలో దాని ప్రతి కూడా ఉండదు.

తీర్మానానికి ఎంత బలముందో పంజాబ్ చూపించింది. 1973లో ఆనంద్‌పూర్ సాహిబ్‌లో అక్కడి ప్రాంతీయ పార్టీ అకాలీదళ్ కార్యవర్గం రాష్ట్రాలకు ఎక్కువ అధికారాలు కావాలని తీర్మానించింది. 1978లో లూధియానా మహాసభ దాన్ని మళ్లీ ఆమోదించింది. 1985లో ప్రధాని రాజీవ్ గాంధీ, అకాలీదళ్ నేత లోంగోవాల్ కుదుర్చుకున్న ఒప్పందం, ఆ తీర్మానంలోని కేంద్ర-రాష్ట్ర సంబంధాల భాగాన్ని, ఆ సంబంధాలనే పరిశీలిస్తున్న సర్కారియా కమిషన్‌కు నివేదించింది. వేర్పాటువాదమన్న నింద కూడా ఆ తీర్మానం మోసింది. అయినా ఎవరూ దాన్ని పట్టించుకోకుండా ఉండలేకపోయారు.

మన దగ్గర తీర్మానాలకూ ఆ బలం రావాలంటే, ముఖ్యంగా పార్టీ అధికారంలో ఉన్నప్పుడు, సభ మొదలవగానే నిరుటి తీర్మానాలు ఒక్కొక్కటీ చదవాలి. ఏది అమలైంది, ఏది ఏ శాఖలో ఆగిందన్నది సంబంధిత మంత్రే లేచి చెప్పాలి. కొత్త ముసాయిదాలు వారం ముందే మండల కమిటీలకు అందాలి. సాగునీటి తీర్మానమైతే, కాలువ చివరి భూముల రైతుకు మైకు ఇచ్చాకే ఓటుకు పెట్టాలి.