గెజిట్‌కెక్కిన పేరే చెల్లుతుంది

2022 జనవరి ముసాయిదాలో మన కొత్త జిల్లా పేరు ‘మన్యం’. ఏప్రిల్ 4న జిల్లా ఏర్పడేసరికి అది ‘పార్వతీపురం మన్యం’ అయింది. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ప్రకారం ముసాయిదాపై అభ్యంతరాలకు 30 రోజుల గడువుంటుంది. ఆ తరువాత గెజిట్‌లో పడిన పేరే చెల్లుతుంది. బోర్డు మీద మనం రాసుకున్నది చెల్లదు.

రైతుకిది గౌరవం సంగతి మాత్రమే కాదు. అడంగల్‌లో, పాసుపుస్తకంలో ఉండేది రెవెన్యూ గ్రామం పేరు. మన శివారు పేటలు, వలసలు, గూడల్లో చాలా వాటికి అక్కడ చోటు లేదు. ఆధార్‌లో ఒక ఊరు, పట్టాలో ఇంకో ఊరు ఉంటే బ్యాంకు అప్పుకీ, పంట నష్టపరిహారానికీ ఆఫీసుల చుట్టూ తిరిగేది మనమే.

కాబట్టి శివారు పేరు రికార్డుల్లో చేర్చాలని గ్రామసభలో తీర్మానం చేయిద్దాం. జిల్లా, మండలాల మార్పుపై ముసాయిదా వస్తే గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకుందాం.