మన వంతు పానకము



వైశాఖమాసము వచ్చినది. మా బోనకల్ గ్రామమున మధ్యాహ్నము దాటినచో వీధిలో కాకియైనను కానరాదు. కాజీపేట నుండి బెజవాడకు బోవు రైలు మా స్టేషనులో నాగినపుడు దిగువారి మొగములు చూడవలెను. మిరపపండ్ల వలె కందియుండును. మా ఖమ్మము సీమ మిరపకు పేరుపడినది, ఎండకును నంతే. అట్టి దినములలో నాకు మిక్కిలి ప్రియమైన పని యొకటి కలదు. నిమ్మపండ్లను, బత్తాయిలను ముందుంచుకొని పానకము కలుపుటయే యది.

ఈ పనిలోని సుఖము త్రాగువారికంటె ముందు చేయువారికే లభించును. కుండనీటిలో నానిన పండును చేతబట్టగానే ఆ చల్లదనము ముంజేతివరకు ప్రాకును. నిమ్మపండును పీటపై నుంచి అరచేత నదిమి దొర్లించినచో లోని తిత్తులు చితికి రసము సులువుగా దిగును. కత్తి తగులగనే తొక్కలోని సన్నని తైలబిందువులు చిమ్మి, గదియంతయు వాసన నిండును. రసము నాలుకను తాకకమునుపే నోరూరును. పులుపు రసములోనిది; ఆ పరిమళమో, విశేషముగా తొక్కలోని తైలమునది. పని ముగిసిన పిమ్మట గడియసేపు వ్రేళ్ల కంటియుండు ఆ వాసనను కడుగుకొనుటకు నాకు మనసొప్పదు.

ఆరుగురికి నేను కలుపు పాళ్లివి: బత్తాయిలు 4, నిమ్మపండ్లు 3, బొటనవ్రేలి కణుపంత అల్లము, పుదీనా రెబ్బలు 2, చిటికెడు ఉప్పు, తగినంత పటికబెల్లపు పొడి, కుండనీరు 5 గ్లాసులు. గింజలు నలుగకుండ పిండవలెను. నలిగినచో చేదు దిగును. బత్తాయిరసము నిలువయున్నకొలది చేదెక్కును గనుక త్రాగబోవు వేళకే పిండవలెను. చిటికెడు ఉప్పు ఆ చేదును కొంత యణచి తీపిని పైకి దెచ్చును. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో పులుపు నుంచరాదని మన పెద్దలు చెప్పినది నిజమే. పులుపు ఆ లోహమును కరగించుకొనును. గాజు, రాతిచిప్ప, స్టీలు పాత్రలు మేలు.

బాల్యమున మా నాయనగారి యొద్ద అలంకారశాస్త్రము వినునపుడు పానకరసన్యాయమను మాట నా చెవిని బడినది. బెల్లము, మిరియము మున్నగునవి పానకములో వేరువేరుగా తోపక యొక్క రుచియే యైనట్లు, విభావాదులు కలిసి రసమగునని దాని భావము. ఆనాడు కంఠస్థము చేసితిని. అర్థమైనది మాత్రము వంటయింటిలోనే. అల్లపు ఘాటు, నిమ్మ పులుపు, బత్తాయి తీపి విడివిడిగా తెలియుచున్నంతవరకు ఇంకను కలుపవలసియున్నదని నాకు గుర్తు.

ఈ జాతి పండ్ల మహిమ రుచితోడనే ముగియదు. 1747లో జేమ్సు లిండు అను ఓడవైద్యుడు చిగుళ్లు చివికి, ఒడలు శోషిల్లిన 12 మంది నావికులను ఇద్దరిద్దరుగా విభజించి వేరువేరు మందుల నిచ్చెను. దినమునకు రెండు నారింజలు, ఒక నిమ్మపండు తిన్న ఇద్దరే త్వరగా కోలుకొనిరి. ఆ గుణమునకు మూలము విటమిను సి యని తరువాత తేలినది. దానిపై చేసిన కృషికిగాను సెంట్ జార్జి అను శాస్త్రజ్ఞునకు 1937లో నోబెల్ బహుమానము లభించినది. ఈ విటమిను వేడికి నశించును. పులిహోరను దింపిన పిమ్మటనే నిమ్మరసము పిండుమని మన అమ్మమ్మలు చేదునకు వెరచి చెప్పిరి. ఆ మాటలో ఈ మేలును దాగియున్నది.

ఇక నా కథ చెప్పెదను. ఒక వేసవిలో మావారి స్నేహితులు రైలు దిగి మా యింటికి వచ్చిరి. తొమ్మిది గ్లాసులు కలిపి తొమ్మిదియు పంపితిని. పిమ్మట పొయ్యిముందు కూర్చుండి వంట సాగించుచుండగా కన్నులు చీకట్లు క్రమ్మి గోడకు జారగిలబడితిని. మా అత్తగారు వచ్చి నా తల యెత్తిపట్టి, “అమ్మాయీ, నీ గ్లాసేదే?” అని యడిగిరి.

“మిగులలేదండీ అత్తయ్యగారూ” అంటిని.

ఆమె మారుపలుకక, పిండి పారవేసిన నిమ్మచెక్కలనే మరల పిండి, ఉప్పు, పంచదార వేసి నాచేత త్రాగించిరి. పిమ్మట మెల్లగా, “నలువదియేండ్లుగా నేనును మిగిలినదే త్రాగితిని. అదియే నీకును నేర్పితిని. నాదే తప్పు” అనిరి. ఆ మాటకు నా కన్నులు చెమర్చినవి.

మంగళగిరి నృసింహస్వామి భక్తులు పోసిన పానకములో సగము గ్రహించి సగము విడుచునని మనకు నమ్మిక. దేవుడే సగము విడుచునపుడు, పిండిన చేతికి ఒక్క గ్లాసైనను దక్కకుండుట యే ధర్మము? నైవేద్యమును ముందుగా రుచి చూడరాదన్న నియమము దేవునియెడ చెల్లును. అతిథులయెడ దానిని మన దాహమునకు ముడిపెట్టనక్కరలేదు.

చెమటతోను, విరేచనములతోను నీరసించినవారికి లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు సమపు చిన్న చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా ఇయ్యవచ్చును. స్పృహ తప్పినవారి నోట నేదియు పోయక వెంటనే వైద్యుని యొద్దకు చేర్పవలెను.

ఇపుడు మా యింట గ్లాసులు పేర్చునపుడు మా అత్తగారే వచ్చి లెక్కపెట్టుదురు. మా యిద్దరివి రెండును పళ్లెములో నున్నగాని వసారాలోనికి పోనీయరు. సోదరీమణులారా, మీ పళ్లెమును ఒకమారు లెక్కింపుడు.