చెరకు తోటకు రెల్లుగడ్డే అండ

కె.కోటపాడు, చోడవరం ప్రాంతాల్లో చెరకు వేసే రైతు గింజలు చల్లడు. గడలను ముచ్చెలుగా నరికి చాళ్లలో నాటుతాడు. ఒకే రకం ముచ్చెలతో లేచిన తోట ఎన్ని ఎకరాలున్నా, జన్యువుల లెక్కన అదంతా ఒకటే మొక్క. దిగుబడి బాగున్నన్నాళ్లు అది వరమే. ఆ రకం తట్టుకోలేని తెగులు సోకితే మాత్రం ఊరంతటికీ ఒకేసారి నష్టం.

తెలుగు నేల ఈ దెబ్బ ఎప్పుడో తిన్నది. గోదావరి డెల్టా తోటల్లో ఎర్రకుళ్ళు తెగులును 1901లో వృక్షశాస్త్రవేత్త సి.ఎ.బార్బర్ గుర్తించారు. మరుసటి ఏడాదే సామర్లకోటలో చెరకు క్షేత్రం వెలిసింది. ఈ తెగులు సోకిన గడను నిలువునా చీలిస్తే లోపల కండ ఎర్రబారి, మధ్యమధ్య అడ్డంగా తెల్లని మచ్చలు కనిపిస్తాయి. పులిసిన వాసన ముక్కుకు కొడుతుంది. ఆ గడ నుంచి తీసిన ముచ్చెతోపాటే తెగులూ కొత్త చేలోకి చేరుతుంది.

విరుగుడు అడవి గడ్డిలో దొరికింది.

ఏటి ఒడ్డున, ఇసుక మేటల్లో తెల్లగా పూసే రెల్లు చెరకుకు దగ్గరి చుట్టం. రసం నిండిన లావు చెరకులో 80 క్రోమోజోములుంటే, రెల్లులో తావును బట్టి 40 నుంచి 128 వరకూ ఉంటాయి. తీపి తక్కువైనా మొండితనం ఎక్కువ. బార్బర్, టి.ఎస్.వెంకట్రామన్ కోయంబత్తూరులో 1912లో ఈ రెంటినీ సంకరం చేశారు. ఆ సంకరం నుంచి వచ్చిన కో 205 రకం 1918లో విడుదలై ఉత్తరాది పొలాలకు చేరింది. జావాలో అక్కడి రెల్లు వారసత్వంతోనే 1921లో పీఓజే 2878 పుట్టింది. దక్షిణాదిని దశాబ్దాలపాటు ఏలిన కో 419కు ఒక మాతృక అదే. నేటి చెరకు రకాల క్రోమోజోముల్లో సుమారు పది నుంచి ఇరవై శాతం రెల్లువే. నరికిన మోళ్ల నుంచి మళ్లీ లేచే కార్శి తోట బలంగా పిలకలు వేసే గుణం చాలావరకు దాని చలవే.

అయితే ఈ సంకరాల్లో వాడిన అడవి మొక్కలు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. పునాది ఇరుకైతే ఏమవుతుందో ఇటలీలోని పూలియా చూపింది. అక్కడ 2013లో బయటపడ్డ జైలెల్లా బ్యాక్టీరియా ఆలివ్ తోటలను నిలువునా ఎండగట్టింది. లెచ్చీనో లాంటి కొద్ది రకాలే తట్టుకోగలిగాయి. దాంతో తెగులును ఓర్చే మొక్కల కోసం శాస్త్రవేత్తలు అడవి ఆలివ్‌లను సైతం గాలిస్తున్నారు.

మనకు అంతకంటే మెరుగైన ఆసరా ఉంది. కేరళలోని కన్నూరులో ప్రపంచ చెరకు జన్యు సేకరణ ఉంది. 1913లో మొదలైన అనకాపల్లి పరిశోధన స్థానం, కోయంబత్తూరులో జరిగిన సంకరాల విత్తనాన్ని మొలకెత్తించి, మన నేలకు సరిపడే వాటిని ఏళ్ల తరబడి వడపోస్తుంది. 87ఎ298 లాంటి రకాల పేర్లలోని 'ఎ' అక్షరం అనకాపల్లిదే.

ఈ వడపోతకు నిధులు తగ్గకూడదు. శారదా నది గట్లపై పెరిగే రెల్లును పిచ్చిగడ్డిగా తీసిపారేయకుండా, నమూనాలు సేకరించి నమోదు చేయాలి. బెల్లం రైతు చేతికి ఒకటికి నాలుగు రకాల ఆరోగ్యమైన ముచ్చెలు సొంత మండలంలోనే అందాలి. ఇందుకు విత్తన క్షేత్రాలను చక్కెర మిల్లుల గేటు దగ్గరే ఆపకుండా, గానుగలు ఆడే ఊళ్ల దాకా విస్తరించాలి.