బిడ్డ కాళ్ల వాపు తల్లి చేసిన తప్పా?

పుట్టిన బిడ్డ పాదాలు ఉబ్బి ఉంటే చాలు, ఇంట్లో వేలు ముందుగా తల్లి వైపే లేస్తుంది. గ్రహణం నాడు బయట తిరిగిందని ఒకరు, తినకూడనిది తిన్నదని ఇంకొకరు. బోదకాలు బాగా ఎరిగిన గంజాం, గోదావరి తీరాల్లో అయితే ‘పుట్టుకతోనే బోదకాలు’ అనేసేవారూ ఉంటారు. ఈ మూడు మాటల్లో ఒక్కటీ నిజం కాదు.

బోదకాలు దోమ వల్ల వచ్చేది. దోమకాటుతో ఒంట్లో చేరిన ఫైలేరియా పురుగు లింఫ్ నాళాలను దెబ్బతీస్తే, వాపు బయటపడటానికి ఏళ్లు పడుతుంది. అప్పుడే పుట్టిన పసికందుకు అది ఎలా వస్తుంది? ఇక్కడ నాళాలు చెడిపోలేదు, కడుపులోనే సరిగా తయారు కాలేదు.

గర్భంలో ముందు రక్తనాళాలు ఏర్పడతాయి. ఆరు, ఏడు వారాల ప్రాంతంలో మెడ దగ్గరి పెద్ద సిరలోని కొన్ని కణాల్లో ‘ప్రాక్స్‌1’ అనే జన్యువు పని మొదలుపెడుతుంది. దాంతో అవి లింఫ్ కణాలుగా మారతాయి. 1999లో అమెరికా శాస్త్రవేత్తలు ఈ జన్యువు లేని ఎలుక పిండాలను పరిశీలిస్తే వాటిలో లింఫ్ నాళాలే ఏర్పడలేదు.

కణం మారితే సరిపోదు, సిర వదిలి బయటికి రావాలి. చుట్టుపక్కల కణజాలం ‘వెజ్ఎఫ్-సి’ అనే ప్రోటీన్‌ను వదులుతుంది. అదే పిలుపు. ఆ పిలుపు అందుకునే చెవి లాంటిది కణం మీదుండే ‘వెజ్ఎఫ్ఆర్-3’. ఆ ప్రోటీన్ లేని ఎలుకల్లో కణాలు మారినా సిర గోడ దాటలేకపోయాయని 2004లో తేలింది. పిలుపు పదునెక్కడానికి ‘సీసీబీఈ1’ అనే మరో ప్రోటీన్ కూడా కావాలి.

ఆ చెవిలో లోపం ఉంటే వచ్చేదే మిల్‌రాయ్ వ్యాధి. 1892లో అమెరికా వైద్యుడు మిల్‌రాయ్ ఒకే కుటుంబంలో తరతరాలుగా వస్తున్న కాళ్ల వాపు గురించి రాశారు. లోపమున్న జన్యువు తండ్రి నుంచీ రావచ్చు, తల్లి నుంచీ రావచ్చు. ఒక్కోసారి ఇద్దరిలోనూ లేకుండా బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. సీసీబీఈ1 లోపంతో వచ్చే హెన్నెకామ్ వ్యాధికైతే ఇద్దరి నుంచీ లోపం అందాలి. మేనరికాల్లో ఆ ముప్పు ఎక్కువ. మరి నింద ఒక్క తల్లికేనా?

పసిబిడ్డ వాపులన్నీ ఇవే అనుకోకూడదు. ఆడపిల్లల్లో టర్నర్ సిండ్రోమ్ ఉండొచ్చు, గుండె, మూత్రపిండాల జబ్బూ కావచ్చు. నాటు లేపనాలతో కాలం గడపకుండా పిల్లల డాక్టరుకు చూపించడమే దారి. మిల్‌రాయ్ అని తేలితే జన్యువును సరిచేసే మందు లేదు గానీ, చర్మం శుభ్రంగా ఉంచడం, పుండు పడకుండా చూడటం, డాక్టరు చెప్పినట్టు కట్టు కట్టడం ద్వారా బిడ్డ మామూలుగా నడిచి ఆడుకోగలదు.

2027 నాటికి ఫైలేరియాను నిర్మూలించాలన్నది కేంద్రం లక్ష్యం. బోదకాలు రోగులకు కాలు కడుక్కోవడం, తుడుచుకోవడం నేర్పే సిబ్బంది ఇప్పటికే ఉన్నారు. పుట్టు వాపు పిల్లల తల్లులకూ ఆ పాఠమే చెబితే అదనపు ఖర్చేమీ ఉండదు. కాకపోతే ఆ మాట తెలుగులో చెప్పాలి. బరంపురం, పర్లాకిమిడి లాంటి చోట్ల ఒడియాలో రాసిన చీటీ సగమే అర్థమై ఇల్లు చేరే తల్లికి, మిగతా సగం అత్తింటి అపవాదే పూరిస్తుంది. ‘ఇందులో నీ తప్పేమీ లేదమ్మా’ అనే ముక్క ఆమెకు మందు కన్నా ముందు అందాలి.